వెనక నిలబడి చెప్పే మనిషి లేని బండి

నేను 2024 ఏప్రిల్ 30న బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. పదకొండు నెలలు తిరిగేసరికి, 2025 మార్చి 31న, విశాఖ సీతమ్మధారలో పద్నాలుగేళ్లు అద్దెకున్న ఫ్లాటు తాళాలు ఓనరుగారి చేతిలో పెట్టి, వ్యాన్‌లోనే మంచం, వంట గట్టు అమర్చిన మోటార్ హోమ్‌లోకి మారిపోయాను. ఈ రెండు తేదీల మధ్య జరిగిందంతా ఏ బండి కొనాలన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. బండిలో దేశం తిరిగిన కథలు చెప్పేవాళ్లు చాలామంది దొరికారు కాని, ఏడాది పొడవునా ఒంటరిగా అందులోనే ఉండబోయే అరవై ఏళ్ల ఆడమనిషి మొదటి బండిని ఎలా ఎంచుకోవాలో చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. అందుకని నేను పడిన పాట్లను, పెట్టిన ఖర్చును తేదీలతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా అమ్మ 2023 నవంబరులో పోయింది. అంతకు ముందు తొమ్మిదేళ్లపాటు ఆమె మంచాన్ని విడిచి నేను ఒక్క రాత్రి కూడా బయట గడపలేదు. ఆ తొమ్మిదేళ్లలో నాకు పట్టుకున్న కోరిక ఇది. చెప్పగానే గోపాలపట్నంలో ఉండే మా తమ్ముడు, “అక్కా, తిరగాలంటే రైళ్లున్నాయి, నీ కారుంది. బండిలో కాపురమేమిటి?” అన్నాడు. కాపురానికి ఇద్దరుండాలి కదరా, ఇది కాపురమెలా అవుతుందని నవ్వేశాను కాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మే రెండో వారంలో చేసిన మొదటి పనికి పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు తలచుకుంటే అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చింది అదే. అపార్ట్‌మెంటు డాబా మీద టేపుతో కొలిచి, ముగ్గుపిండితో బండి లోపలి జాగాను అసలు కొలతల్లో గీశాను. పొడవు 11 అడుగులు, వెడల్పు ఐదున్నర. అందులో ఆరడుగుల మంచం, మూడడుగుల వంట గట్టు, మనిషి తిరగడానికి సరిపోయేంత స్నానాల గది. వాచ్‌మన్ భార్య చూసి, “ఏటమ్మా ఈ ముగ్గు, సుక్కల్లేవు, ఏటీ లేవు?” అని అడిగింది. ఇల్లమ్మా అని చెబితే నా ముఖం వంక ఒకసారి, ముగ్గు వంక ఒకసారి చూసి మెట్లు దిగిపోయింది. ఎండ తగ్గాక మొదలుపెట్టి రాత్రి దాకా, మూడు రోజులపాటు చాప, ప్లాస్టిక్ కుర్చీ, ఇండక్షన్ స్టవ్వు, రెండు బకెట్లతో ఆ గీతల మధ్యనే ఉన్నాను. గీత దాటకూడదన్నది నియమం. మొదటి రోజు 23 సార్లు దాటాను. దాటిన ప్రతిసారీ ఎందుకో చీటీ మీద రాసుకున్నాను. వంటకోసమో, పడకకోసమో దాటింది తక్కువ. తడి బట్టలు ఆరేయడానికి, చెత్త పారేయడానికి, గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయడానికి దాటిందే ఎక్కువ. మన విశాఖ గాలిలో గదిలో ఆరేసిన తువ్వాలు రెండో రోజుకు కూడా వాసన వేస్తుంది. అందుచేత మంచం ఎంత వెడల్పు అన్న ప్రశ్నకంటే తడి తువ్వాలు ఎక్కడ ఆరుతుందన్న ప్రశ్నే నా జాబితాలో పైకి వచ్చింది.

అదే డాబా మీద మరొక సంగతి కూడా తేలింది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. వీడియోల్లో ఆరడుగుల కుర్రాళ్లు నిలబడే ఎత్తు ఉండాలని పట్టుబడుతుంటే నేనూ అదే కొలత పట్టుకుని కూర్చున్నాను. నిజానికి నాకు ఐదున్నర అడుగులుంటే చాలు. అయితే షోరూములో కొలిచిన ఎత్తు చివరిదాకా మిగలదు. కింద ప్లైవుడ్, దాని అడుగున వేడిని ఆపే పొర, పైన మళ్లీ అటువంటి పొర, దాని మీద ప్యానెల్ వేస్తే దాదాపు మూడు అంగుళాలు పోతాయి.

జూన్‌లో బెంగళూరులోని ఒక తయారీదారు నుంచి కొత్త బండికి కొటేషన్ తెప్పించుకున్నాను. 34 లక్షలు, ఐదు నెలల గడువు, సగం డబ్బు ముందే కట్టాలి. నా పి.ఎఫ్. డబ్బు మొత్తం పోసినా చాలదు. ఆ కాగితం మడిచి పెట్టేశాను.

జులై 20 నుంచి 22 వరకు హైదరాబాదులో ఒక కేరవాన్‌ను అద్దెకు తీసుకున్నాను. రోజుకు 9,500 రూపాయలు, డీజిలు వేరు. బుకింగు ఖరారయ్యాక తెలిసిందేమిటంటే, బండి మన చేతికివ్వరు, డ్రైవరుగా వాళ్ల మనిషే వస్తాడు. అది 4020 మిల్లీమీటర్ల వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న ఫోర్స్ ట్రావెలర్, అంటే టెంపో ట్రావెలర్ వ్యాన్, మీద కట్టిన బండి, పొడవు సుమారు 23 అడుగులు. లోపల సోఫా, టీవీ, ఏసీ, షవరు అన్నీ ఉన్నాయి. నాగార్జునసాగర్ దాకా వెళ్లాం. రాత్రి డ్రైవరు ముందు సీట్లో పడుకున్నాడు. అతనికీ నాకూ మధ్య ఒక్క కర్టెనే అడ్డం. అతను మర్యాదస్థుడే. అయినా అర్ధరాత్రి టాయిలెట్‌కు లేవడానికి మొహమాటపడి తెల్లవార్లూ బిగబట్టుకుని పడుకున్నాను. ఒంటరి జీవితం ఎలా ఉంటుందో చూద్దామని 19,000 రూపాయలు పోసి, పరాయి మనిషితో ఒకే గదిలో రెండు రాత్రులు గడిపి వచ్చానన్నమాట.

అయితే ఆ డబ్బు వృథా పోలేదు. రెండో రోజు ఒక ఖాళీ స్థలంలో అతన్ని బతిమాలి గంటసేపు నేనే నడిపాను. ముందుకు పోనిచ్చినంతసేపు కష్టమనిపించలేదు. వెనక్కి తీయవలసి వచ్చినప్పుడు అతను దిగి వెళ్లి, బండి ఒంటిని అరచేత్తో చరుస్తూ, “రానీండి, రానీండి, లెఫ్ట్ కొట్టండి, ఆఁ, చాల్చాలు” అంటుంటే దర్జాగా తీశాను. తరువాత అతన్ని దూరంగా నిలబడి నోరు విప్పవద్దన్నాను. అదే జాగాలో అదే బండిని తీయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. చివరికి వెనక బంపరు వేపచెట్టును రాసుకుంది. ఆ గీతకు డిపాజిట్టులో 3,000 రూపాయలు కోసుకున్నారు. వెనక కెమెరా ఉంది కాని, అది నేలను చూపించినంత బాగా పైనున్న కొమ్మలను, వేలాడే కేబుల్ వైర్లను చూపించదు. లారీకైనా, టూరిస్టు బస్సుకైనా వెనక నిలబడి చెప్పడానికి ఒక క్లీనరు ఉంటాడు. నాకు క్లీనరు లేడు, ఉండడు. ఎవరూ చెప్పకుండా నేను వెనక్కి తీయగలిగిన బండే నా బండి అని తిరుగు రైల్లో నోటుబుక్కులో రాసుకున్నాను. మిగతా షరతులన్నీ దాని తరువాతే.

విశాఖ వచ్చాక తమ్ముడి వీధిని, పెదనాన్నగారి ఊరి సందును, రుషికొండలో స్నేహితురాలి ఇంటి గేటును టేపుతో కొలిచాను. అపార్ట్‌మెంట్ల సెల్లారులు లెక్కలోంచి పోయాయి. పైన సోలార్ పలకలున్న బండి ఏ సెల్లారులోనూ దూరదు. 4020 వీల్‌బేసు బండి తమ్ముడి వీధి మలుపు తిరగదు. 3350 వీల్‌బేసుది, దానికంటే సుమారు మూడడుగులు పొట్టిది, రెండు దఫాలుగా తిరుగుతుంది. అక్కడితో పెద్ద బండి ఆశ వదులుకున్నాను. సోఫా, షవరు గది కూడా దానితోపాటే పోయాయి. రెండు రోజులు దిగులుగానే ఉంది.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గాజువాక ఆటోనగర్‌కు తొమ్మిదిసార్లు వెళ్లాను. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల చెక్క పని చేయించుకోవాలన్నది అప్పటి ఆలోచన. ఒక బ్రోకరు 2017 మోడల్ ఎల్లో బోర్డు బండి (కిరాయికి తిరిగే బండి) చూపించి 8 లక్షల 40 వేలు చెప్పాడు. పెయింటు తళతళలాడుతోంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. నేను తొందరపడి 20,000 అడ్వాన్సు ఇచ్చి, ఆ తరువాత 1,500 రూపాయలకు ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లాను. వరస తిరగేసి చేసిన తప్పు అది. అతను ఇంజను జోలికే వెళ్లలేదు. స్లైడింగ్ డోరు కింద రబ్బరు బీడింగు పీకి, మ్యాటు పైకెత్తి, స్క్రూడ్రైవరు మొనతో ఫ్లోరును మెల్లగా గీకాడు. కొత్త నల్ల పెయింటు పెంకులా లేచింది. దాని కింద పుట్టీ, పుట్టీ కింద అప్పడంలా పొరలు పొరలుగా తుప్పు. ఇంకాస్త నొక్కగానే స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగాక వంగి చూస్తే ఆ కన్నంలోంచి నేల మీది ఎండ కనిపించింది. “సముద్రం గాలి తిన్న బండమ్మా ఇది. లోపల ఎంత చెక్క పని చేయించినా కింద నేల ఉండదు,” అన్నాడు. ఇంజను బాగుందా అని అడిగితే, “ఇంజనుకేటమ్మా, మార్చుకోవచ్చు,” అని చేతులు తుడుచుకున్నాడు. బ్రోకరు మూడు వారాలు తిప్పించి 12,000 వెనక్కి ఇచ్చాడు. మిగతా 8,000 ఇంకా రావాలి, రావని నాకు తెలుసు.

ఆ రోజునుంచి విశాఖలో తిరిగిన బండ్లు చూడడం మానేసి, సముద్రం లేని ఊళ్లలో వెతకడం మొదలుపెట్టాను.

ఎల్లో బోర్డు బండి వద్దనుకోవడానికి కాగితాల బెడద కూడా కారణమే. దాన్ని సొంత వాడకానికి మార్చుకోవాలంటే పర్మిట్ సరెండర్ చేయాలి, ఫైనాన్సు ఉంటే హెచ్.పి. (ఆర్.సి. మీద లోను నమోదు) క్యాన్సిల్ చేయించాలి, ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) సరిగ్గా ఉండాలి. నా దగ్గరున్నది ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సు. దానితో ఎల్లో బోర్డు బండి నడిపితే క్లెయిము వస్తుందా అని అడిగితే ఇన్సూరెన్సు ఏజెంటు నీళ్లు నమిలాడు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చని తీర్పు ఇవ్వడంతో ఆ బెంగ తీరింది. కాని అప్పటికి నా మనసు సొంత వాడకపు వైట్ బోర్డు బండి మీదికి మళ్లిపోయింది. ఇంకొక భయం పెద్దది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. మోటార్ కేరవాన్‌లకు ఎ.ఐ.ఎస్.-124 అనే ప్రమాణం విడిగా ఉంది. వీధి చివరి కార్పెంటరు సీట్లు పీకి మంచం బిగిస్తే అది ఆ ప్రమాణం కిందికి రాదు. అప్పుడప్పుడు తిరిగి వచ్చే ప్రయాణికుడికి ఇది చిన్న విషయం కావచ్చు. ఉన్న ఒక్క ఇల్లూ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే నేను ఎక్కడ పడుకోవాలి? అందువల్ల ఆర్.సి.లోనే క్యాంపర్ వ్యాన్ అని రాసి ఉన్న బండి మాత్రమే కొనాలని తీర్మానించుకున్నాను. దానితో జాబితా ఒక్కసారిగా చిక్కిపోయింది. నవంబరు నెలంతా కలిపి అటువంటివి నాలుగే దొరికాయి.

వాటిలో రెండో బండి బెంగళూరులో ఉంది. డిసెంబరు 7న ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. 2021 మోడల్ ట్రావెలర్, 3350 వీల్‌బేసు, 41,000 కిలోమీటర్లు తిరిగింది, సొంత వాడకపు క్యాంపర్ వ్యానుగా రిజిస్టరైంది. అమ్మేవాళ్లు భార్యాభర్తలు. పాప పుట్టాక వాళ్లకు జాగా చాలలేదు. బేరం మొదలుపెట్టకముందే వాళ్లను రెండు కోరికలు కోరాను. ఒకటి, ఆ రాత్రి వాళ్ల ఇంటి ముందే బండిలో నన్ను ఒక్కదాన్నే పడుకోనివ్వాలి. రెండు, తెల్లవారాక బండిని తూచే వే బ్రిడ్జికి తీసుకువెళ్లాలి. ఆవిడ వింతగా చూసింది కాని ఒప్పుకుంది, రాత్రి చపాతీలు కూడా పంపించింది.

ఆ రాత్రి చీకట్లో చేత్తో తడుముకుంటూ ఏ స్విచ్చు ఎక్కడుందో వెతికాను. నీళ్ల మోటారు చప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది. మంచం మీద పడుకుని చెయ్యి చాపితే కిటికీ గొళ్లెం అందింది. అన్నిటికంటే ముఖ్యంగా, బండి దిగకుండానే నడవాలోంచి డ్రైవరు సీట్లోకి వెళ్లగలిగాను. ఎవరైనా తలుపు కొడితే తలుపు తీయకుండానే బండి కదిలించుకుని వెళ్లిపోవచ్చు. వెనక తలుపుగుండా మాత్రమే లోపలికి పోగలిగే బండ్లను ఒంటరి మనిషి కొనకూడదని నేను గట్టిగా చెబుతాను. పొద్దున వే బ్రిడ్జి మీద వంద రూపాయలకు చీటీ ఇచ్చారు. ఆర్.సి.లో అనుమతించిన మొత్తం బరువులోంచి చీటీలోని బరువు తీసేస్తే నా సామానుకు, నీళ్లకు కలిపి 430 కిలోలు మిగిలాయి. వంద లీటర్ల నీళ్లే వంద కిలోలు కదా. స్టీలు గిన్నెలు, కావడి పెట్టెడు పుస్తకాలు తెచ్చుకోవాలనుకున్న ఆశ ఆ చీటీతో సగం చచ్చింది.

ఏసీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. ఆ బండిలో ఏసీ ఉంది, 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ ఉంది. గుణిస్తే రెండున్నర యూనిట్లు. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. అంటే రాత్రి పదికి వేస్తే పన్నెండున్నరకు ఆగిపోతుంది. బ్యాటరీలు పెంచితే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. తక్కువ కరెంటు తాగే 12 వోల్టుల బి.ఎల్.డి.సి. ఫ్యాను 28 వాట్లతో తెల్లవార్లూ తిరుగుతుంది. కనుక ఏసీని లెక్కలోంచి తీసేసి, వేసవిలో సముద్రపు ఒడ్డు వదిలి 900 మీటర్లకు పైగా ఎత్తున్న అరకుకో, లంబసింగికో పోవాలని నిర్ణయించుకున్నాను. ఇంటికి చక్రాలున్నప్పుడు చల్లదనం ఉన్నచోటికి ఇంటినే తీసుకుపోవడం చౌక.

పదిహేడున్నర లక్షలు అడిగితే బేరం 15 లక్షల 75 వేలకు తెగింది. డిసెంబరు 27న డబ్బు కట్టాను. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి రవాణా శాఖ ఇచ్చే ఎన్.ఓ.సి. వారంలో తేలిపోతుందనుకున్నాను, 23 రోజులు పట్టింది. లోను ఎప్పుడో తీరినా, లోను తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35 దాఖలు చేయకపోవడంతో హెచ్.పి. ఆర్.సి. మీద అలాగే ఉంది. అది తీయించాక 2,500 రూపాయల పాత చలాన్లు బయటపడ్డాయి. చలాన్లు కట్టనిదే ఎన్.ఓ.సి. కదలదు. ఎన్.ఓ.సి.కి, పేరు మార్పుకు కావలసిన ఫారం 28, 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, చాసిస్ నంబరును పెన్సిలుతో రుద్ది అచ్చు తీయించుకుని, నేను చెన్నై మీదుగా ఒకసారి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లాను. ఇన్సూరెన్సులో పాత యజమానికి క్లెయిము చేయనందుకు వచ్చిన తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, నాకు రాదని, ఆ తేడా 6,200 రూపాయలు నేనే కట్టాలని కూడా అప్పుడే తెలిసింది.

జనవరి 22న ఉదయం ఒక్కదాన్నే బెంగళూరు నుంచి బయలుదేరాను. కర్ణాటకలో డీజిలు మనకంటే చౌక అని ట్యాంకు నింపించుకున్నాను. వెయ్యి కిలోమీటర్లకు నాలుగు రోజులు పెట్టుకున్నాను. మొదటి టోల్ గేటు దగ్గరే తల తిరిగింది. పాత యజమాని ఫాస్టాగ్ ముందు రోజు మూసేశారు, నా పేరున తీసుకున్నది ఇంకా యాక్టివేట్ కాలేదు. నగదు కడితే రెట్టింపు అన్నారు. ఆ రోజు మూడు గేట్లలో రెట్టింపు కట్టాను. మొదటి రాత్రి శ్రీకాళహస్తి దాటాక ఒక పెట్రోలు బంకులో అడిగి, వెయ్యి రూపాయల డీజిలు కొట్టించుకుని, లైటు కింద ఆపుకున్నాను. కాపలా పెద్దాయన “ఒక్కరేనా అమ్మా?” అన్నాడు. లోపల మా తమ్ముడు నిద్రపోతున్నాడని చెప్పి, అందుకోసమే తెచ్చుకున్న తొమ్మిదో నంబరు మగ చెప్పులను మెట్టు మీద పెట్టాను. అబద్ధానికి కొంచెం సిగ్గేసింది కాని, ఆ చెప్పులు ఇప్పటికీ ప్రతి రాత్రీ మెట్టు మీదే ఉంటాయి.

విశాఖలో మిగిలింది నంబరు మార్పు. బయటి రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది. నేను జనవరి 31నే అర్జీ పెట్టాను. లైఫ్ ట్యాక్సు లక్షా 18 వేలు. బండిని చూపించడానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి వెనక్కి పంపడానికి కారణం కాగితాలు కావు, అడ్రసు. అద్దె అగ్రిమెంటు మార్చితో ముగుస్తోందని, శాశ్వత చిరునామా చూపించమన్నారు. బండినే ఇల్లుగా చేసుకునేవాళ్లకు కూడా గోడలున్న ఒక అడ్రసు ఉండి తీరాలి. ఆధార్, బ్యాంకు ఖాతా, పెన్షను, 55 దాటినవాళ్లు ఐదేళ్లకొకసారి మెడికల్ సర్టిఫికెట్టుతో పునరుద్ధరించుకోవలసిన లైసెన్సు, అన్నీ దాని మీదే నిలబడతాయి. తమ్ముడు మాట్లాడకుండా కరెంటు బిల్లు తెచ్చి ఇచ్చాడు. ఆంధ్రా నంబరు మార్చి 11న వచ్చింది. దరఖాస్తునుంచి 39 రోజులు. మధ్యలో అడుగు భాగానికి తుప్పు పట్టకుండా కోటింగు వేయించడానికి 14,000 అయింది. ఇప్పుడు బీచ్ రోడ్డు వైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో అడుగు కడిగిస్తున్నాను.

ఏప్రిల్ 4న ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు ఎక్కాను. తెలిసినవాళ్ల తోటలో, కాఫీ గింజలు ఆరబోసుకునే కళ్లం పక్కన, రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య జాగా చూపించి, వాళ్లు సంతకు వెళ్లిపోయారు. చుట్టూ ఎవరూ లేరు. ఖాళీ నీళ్ల క్యాన్లు రెండింటిని తీసి, వెనక చక్రాలు ఆగవలసిన చోట ఒక్కోదాన్ని పెట్టాను. తలెత్తి పైకొమ్మలు చూసుకున్నాను. ఎక్కి కాస్త వెనక్కి తీశాను, దిగి చూశాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. నాలుగోసారి దిగి చూస్తే చక్రానికీ క్యానుకూ మధ్య జానెడు జాగా ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, తడి తువ్వాలును రెండు చెట్ల మధ్య కట్టిన తాడు మీద ఆరేసి, టీకి నీళ్లు పెట్టుకున్నాను.